సంక్రాంతి పిండివంటల్లో పిల్లలకు నిజమైన పని ఏది ఇవ్వవచ్చు?

నిజాంపేట నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తొమ్మిదేళ్ల అమ్మాయి, అయిదేళ్ల అబ్బాయి ఉన్నారు. ప్రతి ఏటా సంక్రాంతికి పిండివంటలు దుకాణంలో కొంటున్నాం. ఈసారి సెలవుల్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒకటి రెండు రకాలైనా ఇంట్లోనే చేయాలని నేను, మా ఆవిడ నిర్ణయించుకున్నాం. పిల్లలకు కాలక్షేపం కావాలన్నది ఒక కారణమే గాని, చేతులతో ఏదైనా చేస్తూ నాలుగు విషయాలు నేర్చుకుంటారన్న ఆశే అంతకంటే పెద్దది.

పిల్లలతో వంట అన్న పేరుతో వెతికితే దొరికేవన్నీ బిస్కెట్ల మీద రంగు క్రీము పూయడం, పళ్ల ముక్కలతో బొమ్మలు పేర్చడం వంటివే. మన పిండివంటల దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్లే అన్నీ చేసేసి, చివర్లో అరిసె మీద నువ్వులు అద్దమని పిల్లలకు ఇచ్చి, ఒక ఫొటో తీసి పంపించేస్తున్నారు. అది నిజంగా పని కాదని మా అమ్మాయికి బాగా తెలుసు, ఆ మాట మొహం మీదే అంటుంది కూడా. తాను చేయకపోతే వంట ఆగిపోయేంతటి పని తనకు కావాలట.

అందువల్ల పెద్దలను అడుగుతున్నాను. కాగే నూనె దగ్గరికి, ఉడికే పాకం దగ్గరికి పిల్లలను రానివ్వకుండానే వాళ్లకు బాధ్యత గల పని దొరికే పిండివంటలు ఏవి? అమ్మాయికి బడిలో భిన్నాలు మొదలయ్యాయి, వాటికి వంటింట్లో చోటు ఉంటుందా? అయిదేళ్ల వాడికి ఏం అప్పగించాలి? మా అమ్మను ఫోనులో కొలతలు అడిగితే ప్రతిదానికీ "తగినంత" అనే జవాబే వస్తోంది కనుక ఇక్కడికి వచ్చాను.

లెక్కల మాష్టారు:

మీ అమ్మాయి అడిగినది న్యాయమైన కోరిక. దానికి తగిన వంటకం అరిసెలు కాదు, చిమ్మిలి. కోస్తా జిల్లాల్లో నాగుల చవితికి పుట్ట దగ్గర చలిమిడితో పాటు నైవేద్యం పెట్టేది ఇదే. నూనె మూకుడు అక్కరలేదు, పాకం పట్టే పని లేదు. నువ్వులు, బెల్లం, యాలకులు ఉంటే చాలు. రెండు గ్లాసుల నువ్వులకు ఒకటిన్నర గ్లాసుల బెల్లం తురుము సరిపోతుంది, తీపి ఎక్కువ తినే ఇంట్లో సమానంగా వేసుకుంటారు. పచ్చి నువ్వులతో చేసేవారు ఉన్నారు గాని, సంక్రాంతికి తినడానికైతే దోరగా వేయించినవే రుచి.

చేసే క్రమంలోనే పాఠం ఉంది. పళ్లెంలో నువ్వులు పోసి మట్టిబెడ్డలు, పుల్లలు ఏరే పని మీ అబ్బాయికి ఇవ్వండి. ఈ వయసు పిల్లల కంటికి ఆనినంత చిన్న రాయి మన కంటికి ఆనదు. పెద్దవాళ్లు సన్నని సెగ మీద వేయిస్తూ ఉంటే, అమ్మాయి కాస్త దూరంగా నిలబడి చెవితో వినాలి. మొదట ఏ చప్పుడూ ఉండదు, కాసేపటికి ఒకటి అరా చిటపటలాడుతుంది, తర్వాత ఆ చప్పుడు జోరందుకుంటుంది. పొయ్యి ఎప్పుడు ఆపాలో చెప్పే అధికారం పూర్తిగా తనకే వదలండి. ఆలస్యంగా చెబితే నువ్వులు చేదెక్కుతాయి, ముందే చెబితే పచ్చివాసన వేస్తాయి. తాను లేకపోతే ఆగిపోయే పని అంటే ఇదే కదా!

చల్లారాక దంచడం. నువ్వుల బరువులో దాదాపు సగం నూనే. పొడి పొడిగా ఉన్న గింజలు రోట్లో నలిగే కొద్దీ ముద్దగా మారడాన్ని పిల్లలు కళ్లారా చూస్తారు. ఒక్క చుక్క నెయ్యి వేయలేదు, నీళ్లు తగలలేదు, మరి ఉండ ఎలా కట్టిందని వాళ్లే అడుగుతారు. అప్పుడు ఒక పాత కాగితం మీద చిటికెడు బియ్యప్పిండిని, పక్కనే చిటికెడు దంచిన నువ్వులను పెట్టి వేలితో రుద్దించండి. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నువ్వులు రుద్దిన చోట వెలుగు దిగే మరక కనిపిస్తుంది, పిండి రుద్దిన చోట కనిపించదు. ఇంతకు మించిన ప్రయోగశాల ఆ వయసుకు అవసరం లేదు.

ఇక భిన్నాల సంగతి. మన పాత కొలతలు భిన్నాలు నేర్పడానికే పుట్టాయేమో అనిపిస్తుంది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అంటే సోల మానికలో నాలుగో వంతు, గిద్దె పదహారో వంతు. ఇంట్లో ఆ పాత్రలు లేకపోయినా ఫరవాలేదు. ఒకదానికి సరిగ్గా రెట్టింపు పట్టే గ్లాసులు, గిన్నెలు వెతికి వాటికి ఈ పేర్లు పెట్టమనండి. వెతకడంలోనే ఒక పూట గడుస్తుంది. మూడు గిద్దెల బెల్లం సోలలో ఎంత, మానికలో ఎంత అన్న ప్రశ్న చేతిలో గిద్దె పట్టుకున్న పిల్లకు భయం కలిగించదు.

"తగినంత" అన్న మీ అమ్మగారిని తక్కువగా అంచనా వేయకండి. ఒకే గ్లాసులో పిండిని వదులుగా పోసి ఒకసారి, అదిమి నింపి మరోసారి తూచి చూడండి. బరువు ఎంత మారిపోతుందో చూస్తే ఆవిడ గ్లాసును ఎందుకు నమ్మదో తెలుస్తుంది. అమ్మాయి చేత ఫోను చేయించి, పిడికెడు అంటే ఎంత, చారెడు అంటే ఎంత అని అడిగించండి. ఆవిడ అక్కడ పిడికిలి నింపి తూచి చెబితే, ఇక్కడ తన పిడికెడు తూచి రాసుకుంటుంది. పుస్తకంలో దొరకని వంట లెక్క అది.

విశాఖ గృహిణి:

మాష్టారు గారు చెప్పినదంతా బాగుంది గాని, పాకాన్ని పూర్తిగా పక్కన పెట్టేయనవసరం లేదని నా అభిప్రాయం. పిండివంటలన్నింటిలోకీ ఎక్కువ చదువు ఉన్నది పాకంలోనే. ఉడికే గిన్నె దగ్గర పెద్దవాళ్లు ఉండాలి, పరీక్ష చేసే పళ్లెం దగ్గర పిల్లలు ఉండాలి. ఈ ఏర్పాటు మా ఇంట్లో ఏళ్లుగా నడుస్తోంది.

పొయ్యికి బాగా ఎడంగా ఉన్న బల్ల మీద చన్నీళ్ల పళ్లెం పెట్టుకుని పిల్లలు కూర్చుంటారు. బెల్లం కరిగి, వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టాక, నేను ఒక చుక్కను చెంచాతో తెచ్చి ఆ నీళ్లలో వేస్తాను. నీళ్లలో పడి చల్లారాకే వాళ్లు వేలు పెట్టాలి, అది మా నియమం. మొదటి చుక్క పడీ పడగానే రంగులా కరిగిపోతుంది. కొంతసేపటికి వేసిన చుక్క అడుగున చేరుతుంది గాని, వేళ్లకు అందకుండా జారిపోతుంది. ఆ తర్వాతిది దగ్గరికి లాగితే మెత్తని ఉండ అవుతుంది, నొక్కితే అణుగుతుంది. అరిసెలకు అక్కడ ఆపాలి. అలాగే ఉంచి మరిగిస్తే ఉండ గట్టిపడి, పళ్లెం అంచుకేసి కొడితే ఠంగుమంటుంది. అది వేరుశనగ పప్పు చిక్కీకి వచ్చే పాకం. "అమ్మా, ఉండ కట్టింది, దించెయ్" అని పళ్లెం దగ్గరి నుంచి కేక వస్తేనే నేను పిండి పోస్తాను.

పెద్దపిల్లకు అసలు కారణం కూడా చెప్పవచ్చు. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎంతసేపు మరిగించినా అంతకు మించి వేడెక్కవు. అందులో తీపి కరిగి ఉన్నప్పుడు, నీరు ఆవిరై పోయే కొద్దీ మిగిలిన పాకం మరింత ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. పంచదార పాకం మెత్తని ఉండ కట్టే వేళకు సుమారు 115 డిగ్రీలు ఉంటుంది, ఠంగుమనే వేళకు 150 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. బెల్లంలో పంచదారతో పాటు ఇతర పదార్థాలు కూడా ఉంటాయి కనుక ఆ అంకెలు అటూ ఇటూ అవుతాయి. బెల్లం మారితే పాకం అదనూ మారుతుందని పెద్దవాళ్లు అనేది అందుకే. అందుచేత మన వంటింట్లో థర్మామీటరు కంటే చన్నీళ్ల పళ్లెమే నమ్మకమైనది.

ఈ వేడి గురించే ఒక హెచ్చరిక. పాకం మరిగే నీళ్ల కంటే వేడిగా ఉండడమే కాక చర్మానికి అతుక్కుని ఉండిపోతుంది. పొరపాటున చిందితే వెంటనే కాలిన చోటును కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాల పాటు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, మంచుగడ్డ వంటివేవీ పెట్టకూడదు. గాయం పెద్దదైనా, ముఖం మీదో చేతి మీదో బొబ్బలెక్కినా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. అరిసెలను నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కే పని కూడా పిల్లలకు వద్దు, ఆ ఒత్తిడికి కారేది కాగిన నూనె. మీ ఇంటికి నాలుగేళ్లు నిండని చుట్టాల పిల్లలు ఎవరైనా వస్తే వాళ్లకు చిక్కీ, వేరుశనగ గింజలు పెట్టకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

అరిసెల్లో మీ అబ్బాయికీ పని ఉంది. ముందు రోజు నానబెట్టిన బియ్యాన్ని ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. ఆ పిండిని పిడికిట్లో గట్టిగా పట్టి వదిలితే వేళ్ల అచ్చులతో సహా ముద్ద నిలవాలి, రాలిపోతే తడి చాలలేదని అర్థం. అయిదేళ్ల పిడికిలి ఆ పరీక్షకు చక్కగా సరిపోతుంది. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టే పని కూడా వాడిదే.

ఓరుగల్లు ఇల్లాలు:

పై ఇద్దరి మాటలూ ఆసక్తిగా చదివాను. ఒక విషయంలో మాత్రం విభేదిస్తాను. పండుగ పూట వంటింటిని తరగతి గదిగా మార్చితే పిల్లలు రెండో రోజే ఆ ఛాయలకు రారు. పిండి కలుపుతున్న పిల్లను ఆపి "ఇప్పుడు ఇది ఎన్నో వంతు?" అని అడగడం కంటే, ఆమె ఏం అడుగుతుందో వేచి చూడడం మేలు. అడిగినప్పుడు చెప్పండి, అడగకపోతే ఊరుకోండి. చేతి పని ముందు రావాలి, ఎందుకన్న ప్రశ్న ఎప్పుడో వస్తుంది.

మా వైపు సంక్రాంతి అంటే సకినాలు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్లతో కలిపి, నేల మీద పరిచిన తెల్లని గుడ్డ మీద వేళ్లతో సన్నగా తిప్పుతూ చుట్లు చుట్లుగా పోస్తారు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పిండి తీగలా జారుతూనే మెలి తిరగాలి. చూడడానికి ఎంతో తేలికగా కనిపించే ఆ పని తొమ్మిదేళ్ల పిల్లకు మొదటి గంటలో అస్సలు రాదు. తీగ మధ్యలో తెగుతుంది, ఒక చోట లావు, ఒక చోట సన్నం అవుతుంది. రాకపోనివ్వండి, ఫరవాలేదు. మా వీధిలో నలుగురు ఆడవాళ్లు ఒక ఇంట్లో చేరి పోసేటప్పుడు, గుడ్డకు ఒక మూల పిల్లలకు వదిలేస్తారు. వాళ్లు పోసిన వంకర టింకర సకినాలను కూడా అదే నూనెలో కాల్చి, అదే డబ్బాలో వేస్తారు. వాటిని వేరుగా పెట్టకపోవడం ముఖ్యం. సరిగ్గా రాలేదని మనం మళ్లీ చుట్టి పోస్తే ఆ పిల్ల ఇక చేయి పెట్టదు.

పోసిన సకినాలలోని తడిని గుడ్డ కాస్త పీల్చుకున్నాకే అవి విరగకుండా లేస్తాయి. ఎప్పుడు లేస్తాయో అంచు మెల్లగా ఎత్తి చూసే పని అబ్బాయికి ఇవ్వండి. ఓపిక నేర్పడానికి నేను వేరే పాఠం ఎప్పుడూ వెతకలేదు.

సంక్రాంతికే పరిమితం కానక్కరలేదు కూడా. బతుకమ్మకు చేసే మలీదలో రొట్టెలను చిన్న ముక్కలుగా నలిపి, బెల్లం పొడి, నెయ్యి వేసి ముద్దలు కడతారు. రొట్టె కాల్చడం మన వంతు, తతిమ్మాదంతా అయిదేళ్ల వాడి చేతి పని. ఉగాది పచ్చడికీ, శ్రీరామనవమి పానకానికీ, వడపప్పుకీ పొయ్యి వెలిగించనే అక్కరలేదు.

ఇంకొక మాట, మీరు నొచ్చుకోకండి. అమ్మాయి పిండి కలిపి, అబ్బాయి రుచి చూసే ఏర్పాటు చాలా ఇళ్లల్లో తెలియకుండానే జరిగిపోతుంది. పిండి పడిన నేల తుడవడం, గిన్నెలు కడగడం వంటలో భాగమేనని ఇద్దరికీ ముందే చెప్పండి. మీరు కూడా ఒక గిన్నె తోమితే వాడికి వేరే చెప్పనవసరం ఉండదు.

డాలస్ తెలుగు:

మా ఇబ్బందులు వేరు గాని, ఈ చర్చ మాకూ పనికి వస్తుంది కనుక రాస్తున్నాను. ఇక్కడ సంక్రాంతికి బడికి సెలవు ఉండదు, అందుకే దగ్గరలోని శని, ఆదివారాల్లో చేస్తాం. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసెలు కుదరవు. శుక్రవారం రాత్రి బియ్యం నానబెట్టి, శనివారం నీళ్లు ఓడ్చి, తువ్వాలు మీద కాసేపు పరిచి, మిక్సీలో కొద్ది కొద్దిగా వేసి పట్టుకుంటాం. జల్లెడ పట్టే పని పిల్లలది. జల్లెడలో మిగిలిన రవ్వను మళ్లీ మిక్సీలో వేయాలా, ఉండ్రాళ్లకు దాచుకోవాలా అన్నది వాళ్ల నిర్ణయం. ఎక్కువసార్లు ఉండ్రాళ్లే గెలుస్తాయి. రవ్వకు రెట్టింపు నీళ్లు మరిగించి, నానిన శనగపప్పు, జీలకర్ర, ఉప్పు వేసి, రవ్వ పోసి ఉడికించి దించితే, చేయి పెట్టగలిగేంత చల్లారాక చుట్టేదంతా పిల్లలే. ఆ తర్వాత ఆవిరి మీద పెట్టడం మాత్రం మేము చేస్తాం.

జంతికలు కూడా చేయిస్తాం. పిండి గొట్టంలో నింపి, నూనె రాసిన గరిటె వెనుక వైపు వాళ్లు వత్తితే, మేము నూనెలోకి జార్చుతాం. ఒకసారి పిల్లలు పిండిని మూడు ముద్దలు చేసి, ఒకదానిలో వెన్న వేయకుండా, ఒకదానిలో కొంచెం వేసి, ఇంకొకదానిలో బాగా ఎక్కువ వేసి చూశారు. వెన్న లేనిది పళ్లకు గట్టిగా తగిలింది, ఎక్కువైనది నూనెలో విడిపోయి పొడి పొడి అయింది. మిగతావన్నీ ఒకేలా ఉంచి ఒక్కటే మార్చాలన్న సంగతి వాళ్లకు అక్కడ అర్థమైంది. బడిలో అదే మాట విన్నప్పుడు మా జంతికల సంగతి చెప్పారట.

ఇక్కడ ఉన్నవారికి ఒక ముఖ్యమైన విషయం. పిల్లలు తాము చేసిన నువ్వుల ఉండలను బడికి తీసుకెళ్లి తోటివారికి పంచాలని సరదా పడతారు. చాలా బడుల్లో వేరుశనగ, ఇతర గింజల మీద నిషేధం ఉంది. నువ్వులను కూడా అమెరికా ప్రభుత్వం 2023 జనవరి 1 నుంచి ముఖ్యమైన అలర్జీ కారకాల జాబితాలో తొమ్మిదవదిగా చేర్చింది. టీచరును అడగకుండా డబ్బా పంపకండి. ఎవరికి ఏది పడదో కనుక్కుని, డబ్బా మీద అందులో వేసిన పదార్థాల పేర్లను పిల్లల చేతే రాయించండి.

నిజాంపేట నివాసి:

అందరికీ ధన్యవాదాలు. ఓరుగల్లు ఇల్లాలు గారూ, నొచ్చుకోలేదండి, గిన్నెల సంగతి నాకు తగిలినా నిజమే. మొదటి రోజు చిమ్మిలి, మర్నాడు చన్నీళ్ల పళ్లెంతో అరిసెలు అనుకున్నాం. అరిసెలు అరకిలో బియ్యానికి మించకుండా చేస్తాం. నువ్వుల చప్పుడు వినే ఉద్యోగం గురించి చెప్పగానే అమ్మాయి ఒప్పుకుంది, పొయ్యి ఆపమని తాను చెప్పేదాకా ఎవరూ మాట్లాడకూడదని షరతు కూడా పెట్టింది. సకినాలకు మా పక్కింటి పెద్దమ్మ సాయం అడుగుతాం, ఆవిడది జనగామ వైపు. ఒక్క సందేహం మిగిలింది. మా అపార్టుమెంటులో రోలు లేదు. మిక్సీలో చిమ్మిలి కుదురుతుందా?

లెక్కల మాష్టారు:

కుదురుతుంది. నువ్వులు పూర్తిగా చల్లారాకే వేయండి. మీట నొక్కి వదులుతూ, మూత తీసి చూసుకుంటూ తిప్పండి. ఆపకుండా తిప్పితే మిక్సీ గిన్నె వేడెక్కి, నూనె ఎక్కువగా ఊరి, ఉండ కట్టడానికి బదులు జారుగా అయిపోతుంది. నువ్వులు సగం నలిగాక బెల్లం తురుము వేసి, రెండు కలిసేంత వరకే తిప్పి, పళ్లెంలోకి తీసి చేత్తో మదాయించండి. మిక్సీ మీట పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, "చాలు" అనే మాట పిల్లలది. చిన్న రాతి కల్వం ఇంట్లో ఉంటే ఒక్క గుప్పెడు నువ్వులను అందులో అబ్బాయి చేత విడిగా దంచించండి, రెండింటి రుచినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.